4.3 ముందే కంపైల్ చేసిన బైనరీలు: సెర్డీ ఉదంతంపై విమర్శ

ఓపెన్ సోర్స్ ప్రాజెక్టులో సోర్స్ కోడ్‌తో పాటు కంపైల్ చేసిన బైనరీని కూడా చేర్చి పంపిణీ చేయవచ్చా? లైసెన్సు ఇచ్చే సమాధానం ఒకటి; వాడుకరుల నమ్మకం కోరే సమాధానం మరొకటి. ఈ తేడాను 2023 నాటి సెర్డీ ఉదంతం ఆధారంగా పరిశీలిద్దాం.

రస్ట్ భాషలో రాసే ప్రోగ్రాములు డేటాను జేసాన్ వంటి రూపాల్లోకి మార్చడానికి, తిరిగి చదవడానికి సెర్డీ లైబ్రరీని విస్తృతంగా వాడతాయి. దాని అనుబంధ ప్యాకేజీ 'సెర్డీ డిరైవ్', కంపైల్ జరిగే సమయంలోనే ప్రోగ్రామర్ కంప్యూటర్‌లో నడుస్తుంది. 1.0.172 వెర్షన్‌లో, 64 బిట్ లినక్స్ కోసం, దీన్ని ముందే కంపైల్ చేసిన బైనరీగా చేర్చారు. కంపైల్ సమయాన్ని తగ్గించడం దీని ఉద్దేశం.

ఈ ఉద్దేశాన్ని తోసిపుచ్చలేం. పెద్ద ప్రాజెక్టులలో కంపైల్ కోసం వేచి ఉండటం నిజమైన ఇబ్బందే. లైసెన్సు ఉల్లంఘన కూడా జరగలేదు. సెర్డీకి వర్తించే ఎంఐటీ, అపాచీ లైసెన్సులు బైనరీ పంపిణీని అనుమతిస్తాయి. సోర్స్ కోడ్ కూడా అందరికీ అందుబాటులోనే ఉంది.

మరి లోపం ఎక్కడ ఉంది? చూపిన సోర్స్ నుంచే ఆ బైనరీ తయారైందని ఇతరులు సులభంగా నిర్ధారించుకోలేకపోయారు. కోడ్‌ను చదివే స్వేచ్ఛ ఉన్నా, నడిచేది ఆ కోడేనన్న భరోసా లేకపోతే ఆ స్వేచ్ఛ సగమే. పైగా సొంతంగా సోర్స్ నుంచి నిర్మించుకునే ఫెడోరా వంటి లినక్స్ పంపిణీలకు ఇది అడ్డంకి అయింది. అభ్యంతరాలు వెల్లువెత్తడంతో అదే ఏడాది ఆగస్టులో, 1.0.184 వెర్షన్‌లో ఆ బైనరీని తొలగించారు.

ఈ అభ్యంతరాలు అతి జాగ్రత్త కావని 2024 మార్చిలో బయటపడిన ఎక్స్‌జెడ్ ఉదంతం చూపింది. దాని 5.6.0, 5.6.1 వెర్షన్లలో, పరీక్షల కోసమని చేర్చిన బైనరీ ఫైళ్లలో హానికరమైన కోడ్‌ను దాచారు. అయితే ఈ రెండింటినీ ఒకే గాటన కట్టకూడదు. సెర్డీలో దురుద్దేశం లేదు. కానీ లోపలికి చూడలేని ఫైలును నమ్మి నడపమనడం రెండింటిలోనూ ఉంది.

కాబట్టి బైనరీని చేర్చడమే తప్పు అనలేం. దాన్ని ఎవరైనా సోర్స్ నుంచి యథాతథంగా తిరిగి నిర్మించగలగాలి. వద్దనుకునే వారికి వేరే మార్గం ఉండాలి. సెర్డీ నిర్ణయం ఈ రెండు పరీక్షల్లోనూ నిలవలేదు.

మీ అవగాహనను పరీక్షించుకోండి: లైసెన్సు అనుమతించిన ప్రతి పనీ ఓపెన్ సోర్స్ స్ఫూర్తికి అనుగుణమేనా? చర్చించండి.