గుంత ముందర నేల

సూపర్ మారియో బ్రదర్స్ అనే వీడియో గేమ్ మొదటి స్టేజి చివర్లో రెండు జతల మెట్లు వస్తాయి. మొదటి జత దగ్గర మారియో ఇటు మెట్లెక్కి, మధ్యలో ఖాళీ మీదుగా ఎగిరి, అటు మెట్ల మీద దిగాలి. అందుకోలేక పడిపోయినా ఏమీ కాదు, కింద నేల ఉంటుంది. ఇంకో నాలుగడుగులు ముందుకు పోతే దాదాపు అదే జత మళ్లీ ఎదురవుతుంది. అంతే ఎత్తు, అంతే ఖాళీ. ఈసారి మధ్యలో నేల లేదు. పడితే ప్రాణం పోతుంది.

ఆ ఆట మొత్తంలో నాకు అన్నిటికంటే ఇష్టమైన చోటు అదే. కష్టమైన స్టేజి ఎలా కట్టాలన్న పాఠమంతా ఆ రెండు జతల మెట్లలో ఉంది. గుంత ఎవరైనా తవ్వుతారు. ఆ గుంత దాటడానికి కావలసిన ఎగురుడును ముందే, భయం లేని చోట నేర్పించి పెట్టడం పనితనం. బావిలో ఈత నేర్పే పెద్దవాళ్లు మొదట నడుముకు బెండ్లు కట్టి దింపుతారు. నీళ్లు అవే, లోతు అదే, మునిగే భయం మాత్రం ఉండదు. మారియోను తయారు చేసిన షిగెరు మియమోటో, తకాషి తెజుకా ఆ మెట్లతో చేసింది ఇదే.

ఈ ఆట 1985 సెప్టెంబరులో జపాన్‌లో విడుదలైంది. తొంభైల్లో మా ఎర్రగుంట్ల వైపు వచ్చేసరికి దాన్ని ఆడే అసలు నింటెండో పెట్టె కనబడేది కాదు. వచ్చినవన్నీ దాని నకళ్లు. మేము టీవీ గేమ్ అనేవాళ్లం. అందులో పెట్టే దాన్ని క్యాసెట్ అనీ, చేతిలో పట్టుకునే దాన్ని రిమోట్ అనీ అనేవాళ్లం. సిమెంటు ఫ్యాక్టరీ క్వార్టర్స్‌లో ఎవరింట్లో టీవీ గేమ్ ఉంటే ఎండాకాలం సెలవుల్లో పిల్లలందరూ అక్కడే. ఎట్లా ఆడాలో చెప్పే పుస్తకం ఏ ఇంట్లోనూ లేదు. ఉన్నా అది చదివి అర్థం చేసుకునే వయసు మాది కాదు. అయినా అందరికీ ఆట వచ్చింది. "ఆడ నిలబడి ఎగరొద్దు రా, దూరం నుంచి ఉరికొచ్చి ఎగురు" అని మా పెద్దమ్మ కొడుకు వెనక నుంచి అరిచేవాడు. ఆయనకు ఆ సంగతి ఎవరూ చెప్పలేదు. ఆటే చెప్పింది. ఉరుకుతూ ఎగిరితే మారియో ఎక్కువ ఎత్తు, ఎక్కువ దూరం పోతాడని స్టేజి మెల్లగా ఆయన వేళ్లకు అలవాటు చేసింది. ఒక్క అక్షరం వాడకుండా జపాన్ నుంచి ఎర్రగుంట్ల దాకా పాఠం చెప్పగలిగిందంటే ఆ స్టేజి ఎంత శ్రద్ధగా కట్టి ఉండాలి!

మొదటి స్టేజి మొదలును ఒకసారి నిదానంగా చూడండి. మారియో తెర ఎడమ పక్కన నిలబడి కుడి వైపు చూస్తుంటాడు. కుడి పక్కంతా ఖాళీ. ఎటు పోవాలో ఎవరూ చెప్పనక్కర లేదు. పైన ప్రశ్న గుర్తుతో ఒక పెట్టె మెరుస్తూ పిలుస్తుంది. అంతలో గూంబా అనే గోధుమ రంగు జీవి నడుచుకుంటూ ఎదురొస్తుంది. ఏమీ చేయకుండా నిలబడితే అది తగిలి చస్తాం. మొదటి ప్రాణం అట్లా పోయినా బాధ లేదు, ఆట అప్పుడే మొదలైంది కాబట్టి. రెండోసారి చెయ్యి దానంతటదే ఎగిరే బటన్ మీదికి పోతుంది. ఆ తర్వాత అలాంటిదే ఇంకో పెట్టెను తలతో కొడితే అందులోంచి పుట్టగొడుగు బయటికి వస్తుంది. అది కుడివైపు జారి, గొట్టానికి తగిలి, వెనక్కి మన మీదికే వస్తుంది. గూంబాను చూసి భయపడి ఉన్న పిల్లవాడు దీన్నీ తప్పించుకోవాలని చూస్తాడు. ఎగిరితే పైనున్న ఇటుకలకు తల తగిలి కిందికి వస్తాడు, పుట్టగొడుగు తగిలే తీరుతుంది. మారియో పెద్దవాడవుతాడు. మంచిదీ చెడ్డదీ వేరుగా ఉంటాయని ఆ క్షణంలో తెలిసిపోతుంది. ఆ పైన గొట్టాలు ఒకదాని తర్వాత ఒకటి ఎత్తు పెరుగుతూ వస్తాయి. అవన్నీ దాటాకే మొదటి గుంత.

ఇంత ఆలోచనతో కట్టిన ఆట మొత్తం 40 కిలోబైట్లలో ఇమిడింది. ఇప్పుడు మన ఫోన్‌లో ఒక మామూలు ఫోటోకు అంతకు ఎన్నో రెట్ల చోటు కావాలి. ఆ ఇరుకులోనే 8 ప్రపంచాలు, 32 స్టేజీలు. చోటు ఆదా చేయడానికి ఆకాశంలో మేఘానికీ నేల మీద పొదకూ ఒకటే బొమ్మ వాడారు, రంగు మాత్రం మార్చారు. స్టేజీలను ముందు గ్రాఫ్ కాగితం మీద గళ్లు లెక్కపెట్టుకుంటూ గీశారు. ఇంకో సంగతి నాకు బాగా నచ్చుతుంది. మియమోటో బృందం తర్వాతి స్టేజీలు కట్టి, ఆటలో ఏది సరదానో తెలుసుకుని, చివర్లో వెనక్కి వచ్చి మొదటి స్టేజి కట్టింది. ముందు ముందు ఏమేం కావాలో తెలిస్తేనే మొదట ఏం నేర్పాలో తెలుస్తుంది.

కష్టం పెంచడంలో ఇదే సిరీస్ తప్పటడుగులు కూడా వేసింది. మొదటి ఆటలో నాలుగో, ఏడో ప్రపంచాల చివరి కోటలు చూడండి. సరైన దారి పట్టకపోతే అదే నడవా మళ్లీ మళ్లీ తిరిగి వస్తుంది. తప్పు ఎక్కడ జరిగిందో 1985 ఆట ఏమాత్రం చెప్పదు. పిల్లలు ఆ కోటల్లో తిరిగి తిరిగి, టైమ్ అయిపోయి చచ్చేవాళ్లు. 1993లో పాత మారియో ఆటలను కలిపి సూపర్ మారియో ఆల్ స్టార్స్‌గా మళ్లీ చేసినప్పుడు ఆ కోటల్లో శబ్దాలు పెట్టారు. సరైన దారికి ఒకటి, తప్పు దారికి ఒకటి. కోట మారలేదు, కష్టం పోలేదు. ఆడేవాడికి తన తప్పు తెలిసే వీలు మాత్రం వచ్చింది.

1986లో జపాన్‌లో వచ్చిన రెండో భాగం ఇంకా కఠినం. తాకితే హాని చేసే విషపు పుట్టగొడుగు, ఎగిరేటప్పుడు తోసే గాలి, కనబడకుండా తలకు తగిలే పెట్టెలు, ముందుకు తీసుకుపోతుందనుకుంటే మొదటి ప్రపంచానికి తిరిగి పంపే గొట్టం. ఇది మరీ కష్టమని అప్పట్లో అమెరికాలో విడుదల చేయలేదు. 1993 సంకలనంలోనే ది లాస్ట్ లెవెల్స్ పేరుతో అక్కడికి చేరింది. ఇందులో గాలి నాకు నచ్చుతుంది. అది కనబడుతుంది, దాని తోపు చూసి ఎగురుడు సరిచేసుకోవచ్చు. వెనక్కి పంపే గొట్టం నచ్చదు. అక్కడికి చేరేదాకా దాన్ని పసిగట్టే గుర్తు ఏదీ లేదు. కష్టానికీ మోసానికీ మధ్య గీత నా దృష్టిలో ఇక్కడే ఉంది. చచ్చినోడు "నేను తొందరపడితి" అనుకుంటే స్టేజి నిలిచినట్టు. "వీడు నన్ను మోసం చేసినాడు" అనుకుంటే కట్టినవాడు ఓడినట్టు.

ఈ విద్య తర్వాత బాగా ఎదిగింది. 2011లో వచ్చిన సూపర్ మారియో త్రీడీ ల్యాండ్ దర్శకుడు కోయిచి హయషిదా తమ స్టేజీలకు నాలుగు అంచెల పద్ధతి ఉందని చెప్పారు. కొత్త సంగతిని భయం లేని చోట చూపించడం, దాన్ని కొంచెం పెంచడం, ఊహించని మలుపు తిప్పడం, చివర్లో నేర్చుకున్నదంతా చూపించుకునే అవకాశం ఇవ్వడం. 2018లో వచ్చిన సెలెస్ట్ చాలా కష్టమైన ఆట. కానీ అంచు దాటి కాలు గాల్లోకి వెళ్లాక కూడా రెప్పపాటు సేపు ఎగిరే అవకాశం ఇస్తుంది. చచ్చిన వెంటనే అక్కడికక్కడే మళ్లీ మొదలుపెడుతుంది. కఠినంగా ఉంటూనే ఆడేవాడి పక్షాన నిలబడుతుంది.

ఇదంతా చదివినప్పుడల్లా మా ఊరే ఒక స్టేజిలా కనబడుతుంది. మియమోటో చిన్నప్పుడు సొనొబె అనే ఊళ్లో గుహలు వెతుక్కుంటూ తిరిగాడు, ఆ తిరుగుళ్లే తర్వాత ఆయన ఆటల్లోకి వచ్చాయి. మనకు నేల కింద మూడు కిలోమీటర్లకు పైగా సాగే బెలుం గుహలున్నాయి. ఎర్రగుంట్లలో నాపరాతి గనులున్నాయి, గూడ్సు బండ్లున్నాయి, సిమెంటు ఫ్యాక్టరీకి సున్నపురాయి మోసే బెల్టులున్నాయి.

నాప బండల గనినే స్టేజిగా తీసుకుందాం. అంచు మీద కాలు పెడితే ఒరిగే బండ ఒకటి అనుకోండి. మొదటి బండ నేలకు మోకాలెత్తులో ఉండాలి, ఒరిగినా కిందపడి లేచేట్టు. ఒరిగే బండ రంగు మిగతావాటికంటే లేతగా ఉండాలి, ఒరిగే ముందు టక్కున చప్పుడు కావాలి, కంటికీ చెవికీ రెండింటికీ కబురందేట్టు. రెండో బండ వాననీళ్లు నిండిన పాత గని మీద. మూడోచోట మలుపు: ఒరగడమే సాయమవుతుంది, ఒరిగిన బండ మీద జారితేనే అవతలి గట్టు అందుతుంది. చివర్లో ఇవన్నీ వరసగా, ఆగకుండా, గూడ్సు బండి కదిలిపోయేలోగా. ఈ స్టేజి జపాన్‌లో పుట్టదు. బండ ఎట్లా ఒరుగుతుందో, ఏ చప్పుడు చేస్తుందో గని పక్కన పెరిగిన పిల్లలకే తెలుసు.

అందుకే ఇడుపులపాయ ట్రిపుల్ ఐటీలోనో, ప్రొద్దుటూరు ఇంజినీరింగ్ కాలేజీలోనో చదివే మన పిల్లలు ఆటలు చేస్తామంటే నాకు చాలా ఆశ పుడుతుంది. గోడో లాంటి గేమ్ ఇంజిన్ ఉచితంగా దొరుకుతుంది. అంతకంటే ముందు ఒక గ్రాఫ్ కాగితం, పెన్సిలు చాలు. అయితే ఒక నియమం పెట్టుకోమంటాను. 2015లో నింటెండో సూపర్ మారియో మేకర్ తెచ్చి, ఎవరి స్టేజి వాళ్లే కట్టి అందరికీ పంపే వీలు కల్పించింది. పంపే ముందు ఒక షరతు పెట్టింది: కట్టినవాడు తన స్టేజిని తానే ఆడి, చివరిదాకా దాటి చూపించాలి. తాను దాటలేని గుంత ఇంకొకరికి పెట్టే హక్కు ఎవరికీ లేదు. దానికి నేను ఇంకొకటి కలుపుతాను. మీరు దాటాక, ఆ ఆట ఎప్పుడూ చూడని పిల్లవాడి చేతికి రిమోట్ ఇవ్వండి, పక్కన కూర్చోండి, నోరు మెదపకండి. వాడు ఎక్కడ చచ్చాడో, ఎందుకు చచ్చాననుకున్నాడో రాసుకోండి. వాడు తన తప్పు తానే చెప్పగలిగేదాకా స్టేజిని దిద్దుతూ ఉండండి.