గూన సదురుకునే ఇల్లు

ఎల్లంతకుంట చుట్టుపక్కల ఊర్లలో స్లాబు ఇండ్ల నడుమ ఇంకా అక్కడక్కడ గూన ఇండ్లు నిలబడి ఉన్నాయి. కలిగినవాళ్లదైతే నాలుగు దిక్కులా అర్రలు, నడుమ ఆకాశం కనబడే భవంతి. లేనివాళ్లదైతే రెండు అర్రలు, ముందర పడసాల. మట్టి మాత్రం ఇద్దరిదీ ఒకటే.

గోడ పెట్టేటప్పుడు తొందర పనికిరాదు. మన్ను నానబెట్టి, గడ్డి కలిపి, కాళ్లతో తొక్కి మూరెడెత్తు వరుస పెడతారు. అది ఆరిందాకా ఆగి దాని మీద ఇంకో వరుస. గోడ అడుగున్నర నుంచి రెండడుగుల మందం ఉంటుంది కాబట్టి పగటి ఎండ లోపలికి దిగేసరికి పొద్దు గూకుతుంది. అప్పటికి మంచాలు వాకిట్లోకి చేరుతాయి.

అసలు పనితనం గూనలో ఉంది. కుమ్మరి చక్రం మీద ఒక కొస సన్నగా, ఒక కొస వెడల్పుగా గొట్టం లాగుతాడు. పచ్చిగా ఉండగానే నిలువునా రెండు పక్కలా గీత పెడతాడు. కాలినాక తడితే రెండు గూనలు. ఒకటి చేతిలోకి తీసుకుని లోపలివైపు తడిమి చూడండి, అతని వేళ్ల జాడలు అడ్డంగా తగులుతాయి. వాసాల మీద ఒక వరుస వెల్లకిలా, ఆ సందులు మూసేలా మరో వరుస బోర్లా పరుస్తారు. మేకు అక్కర్లేదు, సున్నం అక్కర్లేదు. నీళ్లు చూరు దాకా జారిపోతాయి, వేడి గాలి సందుల్లోంచి పైకి పోతుంది. కోతుల గుంపు దూకిందా, అంతే సంగతులు! అందుకే ఏటా మిరుగానికి ముందు ఇంటి మీదికెక్కి గూన సదురుకునేవాళ్లు. నాలుగు పగిలితే ఆ నాలుగే మార్చాలి, ఇల్లంతా విప్పక్కర్లేదు. స్లాబు కురిస్తే ఎక్కడ కురుస్తుందో కూడా అంతుపట్టదు.

ఈ ఇండ్లను పాడుచేసింది వాన కంటే సిమెంటు. మట్టిగోడ పీల్చిన తడి మళ్లీ బయటికి పోవాలి. సిమెంటు పూస్తే ఆ దారి మూసుకుపోయి, గోడ లోలోపలే మెత్తబడి పెళ్లలుగా రాలుతుంది.

ఇంగ్లండులోని డెవాన్‌లోనూ మట్టీ గడ్డీ తొక్కి కట్టిన పల్లె ఇండ్లున్నాయి. అక్కడి గోడలకూ సిమెంటు పూతే గండం. ఆంగ్ల నావికుడు సర్ వాల్టర్ రాలీ పుట్టిన హేస్ బార్టన్ అలాంటిదే, 16వ శతాబ్దంలో పుట్టినవాడి ఇల్లు నేటికీ ఉంది. 1947 చట్టంతో ఇంగ్లండువాళ్లు పాత కట్టడాల జాబితా మొదలుపెట్టారు. అందులో కోటలతో పాటు మామూలు రైతు కాటేజీలూ ఉన్నాయి, వాటి రూపం మార్చాలంటే అనుమతి తీసుకోవాల్సిందే. మనకూ 2017లో తెలంగాణ వారసత్వ చట్టం వచ్చింది గానీ, వారసత్వం అనగానే మన కళ్లు కోటల మీదికీ గుళ్ల మీదికీ మాత్రమే పోతాయి. నల్లగొండ వైపు కొయ్యలగూడెం నేతకారుల ఇల్లు ఎలా ఉండేదో చూడాలంటే చెన్నై దగ్గరి దక్షిణచిత్ర మ్యూజియానికి పోవాలి.

ఎల్లంతకుంట మండలంలోనే అనంతగిరి దగ్గర 3.5 టీఎంసీల అన్నపూర్ణ రిజర్వాయరు కట్టారు. ముంపులో ఊరే పోయింది. నీళ్లు కావాలి, కాదనలేం. మునిగే ముందు ఒక్కో ఇంటి కొలతలైనా గీసి పెట్టుకోవాల్సింది.

మిగిలినవాటికి జాబితా ఒక్కటే చాలదు. పాత ఇల్లు విప్పితే టేకు దర్వాజలకు, దూలాలకు బేరం పలుకుతుంది, గూనను అడిగేవాళ్లుండరు. ఇల్లు నిలవాలంటే ముందు కుమ్మరికి ఏటా ఇన్ని గూనలని ఆర్డరివ్వాలి, డబ్బు చేతిలో పెట్టాలి.