బేతాళుడి షరతు

భయకథ పాఠకుణ్ణి పట్టి ఉంచే శక్తికి దయ్యం రూపాన్నో, శ్మశాన వర్ణననో, నెత్తుటి మరకలనో కారణంగా చెప్పడం పరిపాటి. అయితే కాలానికి నిలిచిన కథలను దగ్గరగా పరిశీలిస్తే, వాటిలో చాలావాటి అడుగున ఒక షరతు కనిపిస్తుంది: కథలోని మనిషి ఏదో ఒక మాట ఇచ్చి ఉంటాడు, పారిపోవడానికి దారి ఉన్నా ఆ మాట కోసమే ఆగిపోతాడు. పిరికివాడి భయం కంటే మాట తప్పలేనివాడి భయం పాఠకుణ్ణి లోతుగా కదిలిస్తుంది. తెలుగువారు ఈ సంగతిని పాశ్చాత్య రక్తపిశాచ కథలు తమ చేతికి రాకముందే బేతాళ కథల ద్వారా ఎరుగుదురు.

పదకొండవ శతాబ్దంలో కాశ్మీర కవి సోమదేవుడు రచించిన కథాసరిత్సాగరంలో ఈ పాతిక కథల గుచ్ఛం ఉంది. దానికి మూలమని చెప్పే బృహత్కథను పైశాచీ భాషలో రాసిన గుణాఢ్యుణ్ణి సంప్రదాయం శాతవాహనుల కొలువుకు చెందినవాడిగా చెబుతుంది. సోమదేవుడి కథలో రాజు పేరు త్రివిక్రమసేనుడు, అతని నగరం గోదావరి ఒడ్డునున్న ప్రతిష్ఠానం. క్షాంతిశీలుడనే భిక్షువు ఏళ్ల తరబడి రోజూ కొలువుకు వచ్చి రాజుకు ఒక పండు సమర్పిస్తాడు, రాజు దాన్ని కోశాధికారికి అప్పగించి మరచిపోతూ ఉంటాడు. ఒకనాడు పెంపుడు కోతి ఆ పండు కొరికినప్పుడు లోపలి నుంచి రత్నం రాలిపడుతుంది, అంతకాలం అందిన పండ్లన్నిటిలోనూ రత్నాలున్నాయని అప్పుడు తెలుస్తుంది. తనకు తెలియకుండానే రుణపడిపోయిన రాజు, భిక్షువు అడిగిన సాయానికి కాదనలేక, అమావాస్యకు ముందటి చీకటి రాత్రి శ్మశానానికి వెళ్లి చెట్టున వేలాడే శవాన్ని భుజాన వేసుకుంటాడు. ఉచితంగా అందిన కానుక వెనుక అడుగుతున్నది ఏమిటో తెలియకపోవడంలోనే, శవం కనబడకముందే, కథలోకి భయం ప్రవేశించింది.

శవాన్ని ఆవహించిన బేతాళుడు దారి పొడవునా కథ చెప్పి చివర ప్రశ్న వేస్తాడు. జవాబు తెలిసి కూడా చెప్పకపోతే రాజు తల పగిలిపోతుంది, నోరు విప్పితే మౌనభంగమై శవం తిరిగి చెట్టెక్కుతుంది. ఒక పెద్ద కథ తన లోపల అనేక చిన్న కథలను మోసే ఈ అమరికను చట్రకథ అంటారు. ఇందులోని చిన్న కథల్లో చాలావరకు భయమన్నదే ఉండదు, అవి న్యాయం ఎవరిదో తేల్చవలసిన తగవులు. ఆ తగవులో మునిగి భయం మరచిపోయిన పాఠకుడికి రాజు జవాబివ్వగానే భుజం మీది బరువు, చుట్టూ ఉన్న చీకటి మళ్లీ గుర్తుకొస్తాయి. ఈ ఎడతెగని విరామమూ పునరాగమనమే కథన శిల్పానికి ప్రాణం. చివరికి తండ్రీకొడుకులు తల్లీకూతుళ్లను పెళ్లాడిన చిక్కులో పుట్టే పిల్లల బంధుత్వం ఏమిటన్న ప్రశ్నకు రాజుకు జవాబు తోచదు. ఆ మౌనం నిజాయితీ గలది కాబట్టి బేతాళుడు సంతోషించి, భిక్షువు రాజును బలి ఇవ్వబోతున్నాడని హెచ్చరిస్తాడు, సాష్టాంగపడే పద్ధతి తనకు తెలియదు కనుక చేసి చూపమని అడిగి అతని తల నరకమని ఉపాయమూ చెబుతాడు. ప్రమాదం శవం నుంచి కాక, రోజూ పండు తెచ్చిన మనిషి నుంచే వచ్చిందన్న ఈ మలుపును మించిన ముగింపు భయకథా సాహిత్యంలో అరుదు.

1947 జూలైలో మొదలైన చందమామ ఈ చట్రాన్ని తెలుగు ఇళ్లలోకి తెచ్చింది. పాత పాతిక కథలూ అయిపోయాక అదే చట్రంలో కొత్త కథలు పుట్టుకొచ్చాయి. 1952 నుంచి పత్రికను నడిపించిన కొడవటిగంటి కుటుంబరావు వచనంలోని నిరాడంబరత వాటికి చక్కగా అమరింది. కె.సి. శివశంకరన్ గీసిన, కత్తి చేతబట్టి శవాన్ని మోసే రాజు బొమ్మ ఎందరో పిల్లలకు భయంతో తొలి పరిచయం అయింది.

యూరపు భయకథల్లోనైతే మౌనమే ఉచ్చు అవుతుంది. 1816 వేసవిలో జెనీవా సరస్సు దగ్గర బైరన్, షెల్లీ మొదలైనవారి మధ్య జరిగిన దయ్యపు కథల పోటీ నుంచి మొలకెత్తి, 1819లో వెలువడిన జాన్ పోలిడోరి కథ 'ద వ్యాంపైర్'లో, చనిపోతున్నట్టు కనిపించిన రూత్వెన్ ప్రభువు తన సంగతి ఏడాది పైన ఒక రోజు వరకు ఎవరికీ చెప్పనని ఆబ్రే అనే యువకుడి చేత ప్రమాణం చేయిస్తాడు. తర్వాత ఆ ప్రభువే ఆబ్రే చెల్లెలికి వరుడిగా రాగా, నిజం తెలిసిన అన్న నోరు విప్పలేక మతి చలించిపోతాడు. త్రివిక్రమసేనుణ్ణి మాట్లాడమని బలవంతపెట్టే షరతు ఇక్కడ మాట్లాడకూడదన్న షరతుగా తిరగబడింది. జోసెఫ్ షెరిడన్ లె ఫాను 1871, 1872లలో ప్రచురించిన 'కార్మిల్లా'లో అతిథి మర్యాదే ఆ పని చేస్తుంది: బండి తిరగబడి ఇంట ఆశ్రయం పొందిన అమ్మాయి ఎవరని అడగకూడదన్న నియమానికి ఒప్పుకున్న కుటుంబం, తమ బిడ్డ నెత్తురు తాగేదానిని తామే ఆదరిస్తుంది. బేతాళుడు రక్తం తాగడు, కార్మిల్లా తాగుతుంది. అయినా ఇద్దరూ మనిషి మంచితనాన్నే ఆసరాగా చేసుకుంటారు.

రైలు ఈ సాహిత్యానికి కొత్త షరతునిచ్చింది. 1865లో స్టేపుల్‌హర్స్ట్ దగ్గర రైలు ప్రమాదం నుంచి బయటపడిన డికెన్స్ మరుసటి ఏడాది రాసిన 'ద సిగ్నల్ మాన్'లో, సొరంగం ముందున్న సిగ్నల్ మనిషి దయ్యాన్ని చూసి కూడా ఉద్యోగధర్మం వల్ల స్థానం వదలలేడు. హెచ్చరిక అందుతోంది కానీ దేని గురించో తెలియదు, తెలియని ప్రమాదానికి రైలును ఆపమని పై అధికారులకు ఎలా చెప్పాలో అర్థం కాక అతడు నలిగిపోతాడు. 1888లో అలహాబాదు నుంచి వెలువడిన 'ఇండియన్ రైల్వే లైబ్రరీ'లో రూపాయికి దొరికిన కిప్లింగ్ 'ద ఫాంటమ్ రిక్షా'లో, మాట తప్పి ప్రియురాలిని వదిలేసిన జాక్ పాన్సేను చనిపోయిన ఆమె రిక్షా సిమ్లా వీధుల్లో వెంటాడుతుంది. అది కడుపు, కళ్లు, మెదడు సరిగా లేకపోవడం వల్లనేనని డాక్టరు అంటాడు. ఆ రెండు వివరణలనూ కిప్లింగ్ చివరిదాకా నిలబెడతాడు.

ఛత్తీస్‌గఢ్‌లోని బిలాస్‌పూర్, బెల్తరా ప్రాంతానికీ తెలుగు నేలకూ నడుమ బంధం వేసిందీ రైలే. 1887లో ఏర్పడిన బంగాళా-నాగపూర్ రైల్వే వెంట ఉద్యోగాల కోసం ఉత్తరాంధ్ర కుటుంబాలు వలస వచ్చాయి, 1931లో పూర్తయిన రాయపూర్-విజయనగరం మార్గం ఆ రాకపోకలను ఇంకా దగ్గర చేసింది. రైలు జంక్షన్‌లో రాత్రి బండి కోసం ఎదురుచూసేవారి స్థితిని రవీంద్రనాథ్ ఠాగూర్ 1895 నాటి 'క్షుధిత పాషాణం'లో అద్భుతంగా వాడుకున్నాడు. హైదరాబాదు నిజాం కొలువులో పత్తి మీద సుంకం వసూలు చేసేవాడు తాను బరీచ్‌లోని పాత పాలరాతి మహల్‌లో రాత్రుళ్లు గడిపిన కథను వేచి ఉన్న ప్రయాణికులకు చెబుతుండగా, అసలు సంగతి రాబోయే సరికి బండి వచ్చేస్తుంది, కథ అసంపూర్తిగా తెగిపోతుంది. విన్నవారిలో ఒకడు నమ్ముతాడు, రెండోవాడు మోసమంటాడు. లేచి వెళ్లలేని శ్రోత, ముగించలేని కథకుడు, ఇద్దరినీ కట్టిపడేసింది రైలు సమయమే.

ఇంత శిల్పం ఉన్న సంప్రదాయంలో తర్వాతి తెలుగు రచన అన్నిచోట్లా ఒకేలా మేలు చేయలేదు. 1980ల ప్రాంతంలో ఆంధ్రభూమి వారపత్రికలో యండమూరి వీరేంద్రనాథ్ రాసిన 'తులసిదళం' ఎందరో కొత్త పాఠకులను సంపాదించింది, ఉత్కంఠను నిలబెట్టడంలో ఆ రచన నేర్పు కాదనలేనిది. కానీ అది వస్తువుగా తీసుకున్న చేతబడి అన్నది పల్లెల్లో ఇరుగుపొరుగు మీద మోపే నింద కూడా కావడం చేత, కథ నేర్పిన భయం ఎవరి ఇంటి ముందు ఆగుతుందో ఆలోచించడం అవసరమైంది. బాణామతి అనుమానంతో తెలంగాణలో, 'టోన్హీ' (మంత్రగత్తె) అనే ముద్రతో ఛత్తీస్‌గఢ్‌లో మనుషులు, ముఖ్యంగా స్త్రీలు, హింసకు గురయ్యారు. ఈ వేధింపును నిరోధించడానికి ఛత్తీస్‌గఢ్ రాష్ట్రం 2005లో ప్రత్యేక చట్టమే చేయవలసి వచ్చింది. బేతాళ కథ ఏ పొరుగింటి ముసలమ్మనూ వేలెత్తి చూపదు. అందులో దోషి అధికారం కోరే క్షాంతిశీలుడు, అతణ్ణి పట్టించేది దయ్యం, అనుమానించవలసినది రోజూ అందే కానుకను. భయాన్ని బలహీనుల మీదికి కాక బలవంతుల మీదికి మళ్లించే ఈ ఎరుక, కొత్తగా భయకథ రాయబూనే తెలుగు రచయితకు సోమదేవుడి దగ్గరే సిద్ధంగా ఉంది.