గ్యాలరీ కట్టినవాడు

ఫుట్‌బాల్ పిచ్చి ఉన్న మనవాళ్లకు ఇంగ్లండ్ ప్రయాణం అంటే ముందు కాగితాల గొడవే. పాస్‌పోర్టు, ఆరు నెలల విజిటర్ వీసా, హైదరాబాద్ వెళ్లి ఇచ్చే వేలిముద్రలు, విమానం టికెట్టు, అన్నిటికన్నా గగనమైన మ్యాచ్ టికెట్టు. శనివారం రాత్రి ఏడున్నరకో, చలికాలమైతే ఎనిమిదిన్నరకో టీవీ ముందు కూర్చుని ఏళ్ల తరబడి చూసిన జట్టును ఒక్కసారి కళ్లారా చూడాలన్న ఆరాటం అది. అక్కడ మధ్యాహ్నం మూడింటికి మొదలయ్యే ఆ శనివారం ఆటలను మనం ఇక్కడ టీవీలో చూస్తాం గానీ, ఇంగ్లండ్‌లో మాత్రం చూపించరు. జనం మైదానాలకు రావడం మానకూడదని వాళ్లు పెట్టుకున్న కట్టుబాటు.

మైదానానికే రావాలని అంత పట్టుబట్టే దేశంలో, ఆ మైదానాలను ఎవరు కట్టారన్నది కూడా తెలుసుకోదగ్గ సంగతే. మీ ప్రయాణం జాబితాలో దీన్నీ ఒక పద్దుగా చేర్చుకోండి. ఆటకు ముందు ఒక గంట లండన్‌లో ఫుల్హామ్ క్లబ్ మైదానంలోని పాత గ్యాలరీని చూడండి. దాన్ని కట్టిన చేయి ఆర్చిబాల్డ్ లీచ్‌ది.

లీచ్ 1865లో గ్లాస్గోలో పుట్టాడు. గొప్ప భవనాలు గీసే ఆర్కిటెక్టుగా కాదు, ఫ్యాక్టరీలు కట్టే ఇంజినీరుగా మొదలయ్యాడు. తొలి రోజుల్లో సిలోన్‌లో తేయాకు ఫ్యాక్టరీలకు నమూనాలు గీశాడు. ఫ్యాక్టరీ కట్టేవాడికి అలంకారం మీద కన్నా లెక్క మీద మమకారం ఎక్కువ. ఎంత బరువును ఎన్ని స్తంభాలు మోస్తాయి, తక్కువ ఇనుముతో ఎక్కువ జాగాకు కప్పు ఎలా వేయాలి, పని వేళ ముగియగానే వందల మంది ఏ దారిన బయటపడతారు అని ఆలోచిస్తాడు. సరిగ్గా ఇవే ప్రశ్నలు ఫుట్‌బాల్ మైదానానికీ ఉంటాయి. 1899 నుంచి 1939 దాకా బ్రిటన్‌లో ఇరవైకి పైగా మైదానాల్లో అతని పని నడిచింది. 1966 ప్రపంచ కప్ ఆడిన ఎనిమిది మైదానాల్లో ఆరు అతని చేతి మీదుగా రూపుదిద్దుకున్నవే. ఓల్డ్ ట్రాఫర్డ్, గుడిసన్ పార్క్, విల్లా పార్క్, హిల్స్‌బరో ఆ ఆరింటిలోవి. ఇంత చేసినా, ఆ గ్యాలరీల్లో గొంతు చించుకుని అరిచినవాళ్లలో అతని పేరు ఎరిగినవాళ్లు బహు కొద్దిమంది.

అతని పనితనం గురించి మాట్లాడాలంటే అతని ఓటమి దగ్గరే మొదలుపెట్టాలి. 1902 ఏప్రిల్ 5. గ్లాస్గోలోని ఐబ్రాక్స్ మైదానం. స్కాట్లండ్, ఇంగ్లండ్ ఆడుతున్నాయి. లీచ్ నమూనా ప్రకారం ఇనుప కాళ్ల మీద చెక్క పలకలు పరిచి కట్టిన ఎత్తయిన మెట్ల వరుస ఒకటి అక్కడ ఉంది. దాని మీద జనం కిక్కిరిసి నిలబడ్డారు. ఆట మధ్యలో పలకలు విరిగి వెనకవైపు పెద్ద రంధ్రం పడింది. మనుషులు అందులోంచి నేల మీదికి జారిపోయారు. 25 మంది చనిపోయారు, ఐదు వందల మందికి పైగా గాయపడ్డారు. నాసిరకం కలప వాడాడని కలప సరఫరాదారు మీద కేసు నడిచింది, కోర్టు అతన్ని విడిచిపెట్టింది. ఆ రోజు లీచ్ కూడా మైదానంలోనే ఉన్నాడు.

అంతటితో అతని పేరు మాసిపోవాల్సింది. అతను మాత్రం ఐబ్రాక్స్‌ను మళ్లీ కట్టే పని తనకే ఇవ్వమని క్లబ్బును అడిగాడు. దీన్ని తెగింపు అనవచ్చు, మొండితనం అనీ అనవచ్చు. తర్వాత అతను చేసిన పనిని బట్టి చూస్తే తప్పును తానే దిద్దుకోవాలన్న పట్టుదల అనాలనిపిస్తుంది. గాలిలో నిలబెట్టిన చెక్క మెట్ల కాలం ముగిసింది. నిలబడి చూసే జనాన్ని మట్టి గట్టు మీదో కాంక్రీటు మీదో నిలబెట్టడం మొదలైంది. వెనకనుంచి వచ్చే తోపుడు ముందువరుస మీద పడకుండా మధ్యమధ్య ఇనుప గొట్టాల అడ్డుకట్టలు నాటాడు, ఆ నమూనాకు పేటెంటు తీసుకున్నాడు. గుంపు కూడా బరువే అని, అది కిందికే కాక ముందుకూ ఒత్తుతుందని గుర్తుపెట్టుకుని గీసిన గీతలవి.

ఆ మారిన చేతిని ఇప్పటికీ తాకి చూడాలంటే లండన్‌లో ఫుల్హామ్ క్లబ్ మైదానం క్రేవెన్ కాటేజ్‌కు వెళ్లాలి. డిస్ట్రిక్ట్ లైన్ రైలెక్కి పట్నీ బ్రిడ్జ్ స్టేషన్‌లో దిగి, థేమ్స్ నది ఒడ్డున బిషప్స్ పార్క్ గుండా పావుగంట నడక. పార్కు దాటి స్టీవెనేజ్ రోడ్డులోకి తిరిగితే ఒక వైపు వరస ఇళ్లు, మరో వైపు పొడవాటి ఎర్ర ఇటుక గోడ. మొదటిసారి వెళ్లినవాళ్లు స్టేడియం ఎక్కడా అని వెతుకుతారు. వెతకనక్కర్లేదు, ఆ గోడే స్టేడియం.

ఇక్కడ ఒక్క నిమిషం ఆగండి. 1905లో కట్టిన గోడ ఇది. దీని వెనక ఉన్నది నిజానికి ఇనుప చట్రం మీద నిలిచిన పెద్ద షెడ్డు. మన పాత రైల్వే గూడ్స్ షెడ్డుకు దూరపు చుట్టమే. ఆ షెడ్డు వీపును వీధి మీదికి అలాగే వదిలేసి ఉంటే ఎదురింటివాళ్లు రోజూ రేకుల గోడ చూస్తూ బతకాల్సి వచ్చేది. లీచ్ ఆ వీపుకు ఇటుక తొడుగు వేశాడు. ఎదుటి ఇళ్లతో వియ్యమందేటట్టు అదే ఎరుపు, కిటికీల వరుసలు, అక్కడక్కడా పైకి లేచే త్రికోణపు ముఖాలు. కింద ఇరుకు ద్వారాలు, ఒక్కో మనిషి ఒక్కోసారిగా దూరేంతవి. ఆ ఇరుకు కూడా లెక్కే. గుంపుగా వచ్చినవాళ్లను లోపలికి పంపేముందు విడివిడి మనుషులుగా చేసి పంపుతుంది.

లోపల అలంకారం అయిపోయి ఇంజినీరు కనిపిస్తాడు. సన్నని ఇనుప స్తంభాల వరుస, వాటి మీద ఇనుప కమ్మీలను త్రికోణాలుగా అల్లిన ట్రస్సులు, ఆ పైన వాలు కప్పు. దేన్నీ దాచలేదు. కప్పు బరువు ఏ కమ్మీ మీదుగా ఏ స్తంభంలోకి దిగుతుందో కూర్చున్నచోటి నుంచే కంటితో లెక్కగట్టవచ్చు. కింద చెక్క నేల, మొదటినాటి చెక్క కుర్చీలు. గోలు పడ్డప్పుడు వేల కాళ్లు ఆ చెక్కను తంతే గ్యాలరీ మొత్తం డోలులా మోగుతుంది. కాంక్రీటు స్టేడియంలో అరుపులే ఉంటాయి, ఈ దరువు ఉండదు.

మైదానం ఒక మూలన ఇంటిలా కనిపించే చిన్న భవనం కూడా అప్పటిదే, లీచ్‌దే. 1780లో కట్టిన అసలు క్రేవెన్ కాటేజ్ ఇదే అనుకునేవాళ్లు చాలామంది ఉన్నారు. ఆ ఇల్లు 1888లోనే కాలిపోయింది. ఇప్పుడున్నది క్లబ్బు కోసం కట్టింది. ఆటగాళ్లు బట్టలు మార్చుకునే గదులు దీనిలోనే. అందుకే ఇక్కడ జట్లు మధ్యలోని సొరంగంలోంచి కాకుండా మూలనున్న ఇంట్లోంచి నడిచొస్తాయి. దాని బాల్కనీలోంచి ఆట చూసేవాళ్లను చూస్తే పెళ్లింటి మేడ మీద చుట్టాలు గుర్తొస్తారు. ఈ కాటేజ్‌నూ, ఆ ఇటుక గ్యాలరీనీ 1987లో రక్షిత కట్టడాల జాబితాలో చేర్చారు. 658 ఆటలు ఫుల్హామ్ తరఫునే ఆడిన జానీ హేన్స్ పేరు ఇప్పుడు ఆ గ్యాలరీది.

అదే 1905లో, కాస్త దూరంలోనే, స్టాంఫర్డ్ బ్రిడ్జ్‌లోనూ దాదాపు ఇలాంటి గ్యాలరీనే లీచ్ కట్టాడు. ఆ మైదానంలోకి మారమని ముందు ఫుల్హామ్‌నే పిలిచారు. ఫుల్హామ్ కాదన్నాక అక్కడ పుట్టిన క్లబ్బు చెల్సీ. చెల్సీ పెద్దదయ్యాక పాత గ్యాలరీ కూల్చింది. చిన్నదిగా ఉండిపోయిన ఫుల్హామ్ దగ్గర నిలిచింది.

లీచ్ సంతకం అని అభిమానులు చెప్పుకునేది మాత్రం క్రేవెన్ కాటేజ్‌లో ఉండదు. పై అంతస్తు ముందంచున ఇనుప కమ్మీలతో గుణకారపు గుర్తులు వరసగా వేసినట్టుండే పిట్టగోడ అది. రెండంతస్తుల గ్యాలరీ ఉంటేనే దానికి చోటు. లివర్‌పూల్‌లో గుడిసన్ పార్క్, పోర్ట్‌స్మత్‌లో ఫ్రాటన్ పార్క్, గ్లాస్గోలో ఐబ్రాక్స్ వెళితే కనిపిస్తుంది. ఎవర్టన్ పురుషుల జట్టు 2025లో కొత్త స్టేడియానికి మారినా గుడిసన్‌ను కూల్చలేదు, మహిళల జట్టుకు ఇచ్చారు. ఆ అడ్డు కమ్మీలు ముగ్గు కోసం పెట్టినవి కావు, బిగువు కోసం పెట్టినవి. వాటికి క్లబ్బు రంగు పూసేసరికి అవే ముగ్గయ్యాయి.

మెచ్చుకోవడంలో లోపాలు దాచకూడదు. క్రేవెన్ కాటేజ్‌లోని ఆ స్తంభాలు కొన్ని కుర్చీలకు సరిగ్గా గోల్‌పోస్టును మూసేస్తాయి. కాస్త పొడుగు మనిషికి మోకాళ్లు పెట్టుకోవడానికి చోటుండదు. ఎదురుగా నది వైపు కొత్తగా కట్టిన గ్యాలరీలో ఈ బాధలేవీ లేవు. అంతకన్నా పెద్ద మాట చెక్కది. 1985 మే 11న బ్రాడ్‌ఫర్డ్‌లో ఒక చెక్క గ్యాలరీ అంటుకుని 56 మంది చనిపోయారు. అదీ లీచ్ పనే. పలకల సందుల్లోంచి ఏళ్లుగా జారిపడిన చెత్త కింద పేరుకుపోయి ఉంది. మంటకు అదే మేత అయింది. అప్పటికి దాదాపు ఎనభై ఏళ్ల కిందట కట్టినవాడిని దీనికి పూర్తి బాధ్యుణ్ని చేయలేం. కట్టడం ఒకరి పనితనం, కాపాడటం వేరొకరి పనితనం. రెండోది చచ్చిపోతే మొదటిది మనుషుల్ని చంపుతుంది. 1989లో హిల్స్‌బరోలో నిలబడి చూసే జనం ఒత్తిడికి నలిగి చనిపోయిన విషాదం తర్వాత వచ్చిన నివేదికతో పెద్ద క్లబ్బులన్నీ నిలబడి చూసే మెట్లను తీసేసి కుర్చీలు వేశాయి. ఆ మార్పులోనే లీచ్ పని చాలామట్టుకు చెరిగిపోయింది. క్రేవెన్ కాటేజ్‌లో మిగిలింది అరుదైనది కావడానికి కారణం అదే.

ఇక మీ ప్రయాణం సంగతి. మీ అభిమాన జట్టు ఆర్సెనల్ అయినా లివర్‌పూల్ అయినా, ఫుల్హామ్‌తో ఒకే లీగులో ఉన్నన్నాళ్లూ ఏటా ఒకసారి ఇక్కడికి రాక తప్పదు. క్లబ్బు సభ్యత్వం ముందుగా తీసుకుంటే టికెట్టుకు ఆశ ఉంటుంది. టీవీ వాళ్ల కోసం ఆట తేదీలు, వేళలు మారుతూ ఉంటాయి కాబట్టి తేదీ ఖాయమయ్యాకే విమానం కొనండి, లేదా అటూ ఇటూ రెండు రోజులు ఖాళీగా ఉంచుకోండి. టికెట్టు మీద చూపుకు అడ్డంకి ఉందని రాసి ఉంటే అది స్తంభం అని అర్థం, చౌకని మురిసిపోవద్దు. ఫుల్హామ్ వాళ్ల గ్యాలరీలో కూర్చుంటే ఎదుటి జట్టు జెర్సీ వేసుకోకూడదు. ఆట మొదలయ్యే ఈలకు గంట ముందే స్టీవెనేజ్ రోడ్డుకు చేరండి. జనం పలచగా ఉన్నప్పుడే ఆ గోడను ఈ చివర నుంచి ఆ చివరకు నడిచి చూడవచ్చు.

ఇంకో రెండు రోజులు చేతిలో ఉంటే రైలెక్కి గ్లాస్గో వెళ్లండి. పాతికమంది ప్రాణాలు పోయిన ఆ ఐబ్రాక్స్‌లోనే, 1929 జనవరి 1న ఎర్ర ఇటుకతో కొత్త ప్రధాన గ్యాలరీ తెరిచారు. తర్వాత దాని నెత్తిన మరో అంతస్తు వేశారు గానీ ఆ ఇటుక ముఖాన్ని ముట్టుకోలేదు. ఈనాటికీ అందులో జనం కూర్చుని ఆట చూస్తున్నారు. అది కట్టింది కూడా ఆర్చిబాల్డ్ లీచే.