ఎడమకాలికి పాఠం చెప్పిన మాస్టారు

డ్రిబ్లింగ్ లేని ఫుట్‌బాల్ పోటీ. బంతిని కాళ్ల మధ్య ఆడిస్తూ నలుగురిని దాటుకుపోతానంటే కుదరదు, అందగానే తోటివాడికి ఇచ్చేయాలి. ఇంకో పోటీలో వాటం లేని కాలితోనే ఆడాలి. హైదరాబాద్ కుర్రాళ్లను ఇలాంటి నిబంధనలతో సానబెట్టినవారు సయ్యద్ అబ్దుల్ రహీమ్. భారత ఫుట్‌బాల్‌కు అంతటి గురువు మళ్లీ దొరకలేదు.

1909లో హైదరాబాద్‌లో పుట్టిన రహీమ్ ఉస్మానియాలో చదువుతూ కాలేజీ జట్టుకు ఆడారు. తర్వాత కాచిగూడ, చాదర్‌ఘాట్ బడుల్లో పాఠాలు చెప్పారు. 1943లో హైదరాబాద్ ఫుట్‌బాల్ సంఘం కార్యదర్శి అయ్యారు, 1950లో సిటీ పోలీస్ జట్టు కోచ్. 1950 నుంచి 1954 దాకా బొంబాయి రోవర్స్ కప్పు వరుసగా ఐదేళ్లు ఆ జట్టుదే.

ఆ నిబంధనల వెనుక బడిపంతులి లెక్క ఉంది. కుడివాటం ఆటగాడు ఎటు తిరుగుతాడో ప్రత్యర్థికి ముందే తెలిసిపోతుంది. రెండు కాళ్లూ సమంగా పలికితే ఆ అంచనా తప్పుతుంది. డ్రిబ్లింగ్ వద్దంటే, బంతి రాకముందే తలెత్తి ఎవరు ఖాళీగా ఉన్నారో చూసుకోవాలి. బంతి లేనివాడు కూడా ఊరికే నిలబడకుండా ఖాళీలోకి పరుగెత్తాలి. అలవాటైన బలాన్ని కాసేపు పక్కన పెట్టించి, లేని బలాన్ని పుట్టించడం ఆయన పద్ధతి.

1951 ఢిల్లీ ఆసియా క్రీడల్లో ఆయన శిక్షణలో భారత జట్టు స్వర్ణం గెలిచింది. మరుసటి ఏడాది హెల్సింకీ ఒలింపిక్స్‌లో, చాలామంది బూట్లు లేకుండా ఆడిన మ్యాచ్‌లో, యుగోస్లావియా చేతిలో 1-10తో ఓడింది. నాలుగేళ్లలో ఆయన జట్టును నిలబెట్టారు. 1956 డిసెంబరు 1న, అంటే ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన సరిగ్గా నెలకు, మెల్‌బోర్న్‌లో ఆస్ట్రేలియాను 4-2తో ఓడించి మనవాళ్లు ఒలింపిక్ సెమీఫైనల్ చేరారు. ఆసియా జట్టు అంతదూరం వెళ్లడం అదే మొదటిసారి.

జకార్తా 1962 ఆసియా క్రీడల కథ ఇంకా గొప్పది. తొలి మ్యాచ్‌లోనే దక్షిణ కొరియా 2-0తో కొట్టింది. తర్వాత థాయిలాండ్‌తో ఆటలో డిఫెండర్ జర్నైల్ సింగ్ తల పగిలి కుట్లు పడ్డాయి. వేరే కోచ్ అయితే అతన్ని బెంచీ మీద కూర్చోబెట్టేవాడేమో. రహీమ్ మాత్రం సెంటర్ ఫార్వర్డ్‌గా ముందుకు పంపారు. సెమీఫైనల్లోనూ ఫైనల్లోనూ జర్నైల్ గోల్ కొట్టాడు! సెప్టెంబరు 4న, స్టేడియం మొత్తం మనకు వ్యతిరేకంగా అరుస్తుంటే, అదే కొరియాను 2-1తో ఓడించారు. ఫైనల్లో తొలి గోల్ పి.కె. బెనర్జీది. అప్పటికే క్యాన్సర్‌తో నలిగిపోతున్న రహీమ్, ఫైనల్‌కు ముందు ఆటగాళ్లను అడిగిన కానుక ఆ స్వర్ణమే. 1963 జూన్ 11న కన్నుమూశారు.

ఆయన పద్ధతికి ఖరీదైన సామగ్రి ఏదీ అక్కర్లేదు. విజయవాడలోనో గుడివాడలోనో మచిలీపట్నంలోనో ఏ పీఈటీ మాస్టారైనా రేపు సాయంత్రమే బడి మైదానంలో ఎడమకాలి పోటీ పెట్టవచ్చు. ఒక బంతి, నాలుగు గుంజలు, నియమం తప్పితే ఈల వేసే ఓపిక చాలు. మొదటి వారం పిల్లలు విసుక్కుంటారు, బంతి పక్కకు పోతుంది. అక్కడ ఆపేయకూడదు.

రహీమ్ పోయాక ఆసియా క్రీడల ఫుట్‌బాల్‌లో భారత్‌కు దక్కిన చివరి పతకం 1970 బ్యాంకాక్ కాంస్యం. ఆ జట్టు కెప్టెన్ హైదరాబాద్‌వాడైన సయ్యద్ నయీముద్దీన్. కోచ్‌లలో ఒకరు జకార్తాలో గోల్ కొట్టిన పి.కె. బెనర్జీ.