కాలిన మోటారు నేర్పిన చదువు

“మోటారు కాలింది” అనే మాటకు తెలుగు పల్లెల్లో వివరణ అక్కర్లేదు. వరి పొట్టమీద ఉన్నప్పుడు బోరు మోటారు కాలితే, రైతు దాన్ని పైకి లాగించి, ట్రాలీలో వేసుకుని దగ్గరి టౌనులో వైండింగ్ షాపుకు పరుగెత్తుతాడు. షాపు ముందు నల్లబడ్డ రాగి తీగల కుప్ప, లోపల వార్నిష్ వాసన, గోడకు వేలాడే, కాయిళ్లు చుట్టే కొయ్య ఫారాలు. వరసగా పడివున్న బోరు మోటార్ల మధ్య ఒక్కోసారి చిన్న గుమ్మడికాయంత మోటారు ఇంకొకటి కనిపిస్తుంది. అది వాషింగ్ మెషీన్‌ది.

దాన్ని తెచ్చినవాళ్లందరూ బాగుచేయమని మాత్రమే అడగరు. “అన్నా, దుప్పటి వేస్తే తిరగట్లేదు, కాస్త పెద్ద మోటారు పెట్టివ్వు” అని అడిగేవాళ్లుంటారు. హాస్టల్ నడిపేవాళ్లు, చిన్న లాండ్రీ పెట్టుకున్నవాళ్లు, పదిమంది ఉన్న ఉమ్మడి కుటుంబాలవాళ్లు అలా అడుగుతారు. పని తెలిసిన మెకానిక్ వెంటనే సరే అనడు. “ముందు బెల్టు చూద్దాం అక్కా” అంటాడు. ఆ ఒక్క మాటలోనే ఈ విద్య సగం ఉంది.

రెండు టబ్బుల సెమీ ఆటోమేటిక్ మెషీన్‌లో ఉతికే మోటారు సింగిల్ ఫేజ్ ఇండక్షన్ మోటారు. నాలుగు పోల్స్‌ది. మన 50 హెర్ట్జ్ కరెంటు మీద దాని అయస్కాంత క్షేత్రం నిమిషానికి 1,500 చుట్లు తిరుగుతుంది, రోటరు కాస్త వెనకబడి సుమారు 1,350 నుంచి 1,400 చుట్లు తిరుగుతుంది. లోపల రెండు వైండింగ్‌లు, రెండూ ఒకే చుట్లతో, ఒకే గేజీ తీగతో ఉంటాయి. వాటి మధ్య ఒక కెపాసిటర్. పల్లెల్లో చాలామంది దాన్ని ఇప్పటికీ కండెన్సర్ అనే అంటారు. కరెంటు దానికి ఈ చివర ఇస్తే కుడికి, ఆ చివర ఇస్తే ఎడమకు తిరుగుతుంది. బట్టలు అటూ ఇటూ మెలితిరగడానికి కారణం ఈ చిన్న ఏర్పాటే. ఏ చివర ఎప్పుడు కరెంటు అందాలో చూసేది స్ప్రింగుతో నడిచే టైమరు. అందులోని పళ్ల చక్రాలు కాసేపు ఇటు, కాసేపు ఆపి, కాసేపు అటు స్విచ్చులు నొక్కుతూ పోతాయి. మధ్యలో ఆ ఆగడం చాలా ముఖ్యం. తిరుగుతున్న మోటారును ఆపకుండా వెనక్కి తిప్పితే కరెంటు ఒక్కసారిగా ఎగబాకుతుంది, వైండింగ్ వేడెక్కుతుంది.

మరి మెషీన్ బలహీనపడేది ఎక్కడ? చాలాసార్లు మోటారులో కాదు, వైర్లలో వచ్చే వోల్టేజీలో. ఇండక్షన్ మోటారు తిప్పే బలం వోల్టేజీ వర్గాన్ని బట్టి మారుతుంది. 230 వోల్టులు రావలసిన చోట 184 వస్తే తగ్గింది అయిదో వంతే అనిపిస్తుంది. కానీ తిప్పే బలం నూటికి 64 వంతులకు పడిపోతుంది. సాయంత్రం ఊరంతా లైట్లు వేసుకున్న వేళ మెషీన్ మూలుగుతూ నిలబడిపోవడానికి కారణం ఇదే. బోరు మోటార్లు కాలిపోయేదీ చాలాసార్లు ఇందుకే. లో వోల్టేజీలో లోడు లాగలేక, ఎక్కువ కరెంటు మింగి, వేడెక్కి మాడిపోయిన మోటార్లను ఏళ్ల తరబడి విప్పి చుట్టిన చేతులకు ఈ లెక్క పుస్తకం చదవకుండానే పట్టుబడింది. వాషింగ్ మెషీన్ వాళ్ల దగ్గరికి వచ్చేనాటికి వాళ్లు ఆ చదువు పూర్తిచేసుకుని ఉన్నారు.

పాత వైండింగ్ విప్పడం దగ్గరే పనివాడి స్థాయి తెలుస్తుంది. మొదట కనెక్షన్లు గీసుకుంటాడు. ఏ కాయిల్ ఏ గాడిలో మొదలై ఏ గాడిలో ముగిసిందో రాసుకుంటాడు. తర్వాత కాయిల్ తలను ఒకవైపు కోసి, తెగిన తీగల కొసలు లెక్కపెడతాడు. ఎన్ని కొసలో అన్ని చుట్లు. తీగ మీది ఎనామెల్ గీకి, తుడిచి, అప్పుడు మైక్రోమీటరులో పెట్టి మందం చూస్తాడు. ఎనామెల్‌తో కలిపి కొలిస్తే గేజీ తప్పుతుంది. గేజీ నంబరు పెరిగేకొద్దీ తీగ సన్నబడుతుందని కొత్తగా చేరిన కుర్రాడికి మొదటి వారంలోనే చెబుతారు, అయినా మొదటి నెలంతా వాడు తడబడుతూనే ఉంటాడు.

పాత తీగ ఊడిరావడానికి, ఆ గాళ్లున్న స్టేటర్‌ను మంటలో వేసేవాళ్లు ఉన్నారు. పని తొందరగా అవుతుంది. కానీ స్టేటర్ ఒక్క ఇనుప ముద్ద కాదు, పలుచని రేకుల దొంతర. రేకుకూ రేకుకూ మధ్య కరెంటు పారకుండా సన్నని పూత ఉంటుంది. మంట ఆ పూతను తినేస్తే ఇనుములోనే కరెంటు సుడులు తిరిగి, ఎంత మంచి రాగి చుట్టినా మోటారు ఉత్తపుణ్యానికి వేడెక్కుతుంది. “మళ్లీ చుట్టించినా నిలవలేదు” అనే ఫిర్యాదుల వెనక ఈ మంట చాలాసార్లు ఉంటుంది. చౌక పని అని దీన్ని క్షమించడానికి లేదు.

గాళ్లలో కొత్త ఇన్సులేషన్ కాగితం మడిచి పెట్టి, ఫారం మీద చుట్టిన కాయిళ్లను తీగ తర్వాత తీగగా వేళ్లతో దించి, వెదురు పుల్లతో నొక్కి, దారంతో కట్టి, వార్నిష్ పోసి ఆరబెడతారు. వార్నిష్ అందం కోసం కాదు. మోటారు నడుస్తున్నంతసేపూ తీగలు అదురుతాయి, ఒకదాన్నొకటి రాసుకుంటాయి. వార్నిష్ వాటిని ఒకే ముద్దగా పట్టి ఉంచుతుంది, వానాకాలపు తేమను లోపలికి రానివ్వదు.

బలం పెంచే కిటుకు ఈ చుట్టడంలోనే ఉంది. చౌక మెషీన్లలో వైండింగ్ తరచు అల్యూమినియం తీగతో ఉంటుంది. కరెంటును మోయడంలో అల్యూమినియం రాగితో పోలిస్తే నూటికి 61 వంతులే. అదే మందం రాగి తీగ చుడితే వేడి బాగా తగ్గుతుంది, మోటారు ఎక్కువసేపు లోడు మోస్తుంది. రెండో మార్గం చుట్లు తగ్గించి తీగ లావు చేయడం. చుట్లు పదో వంతు తగ్గితే తిప్పే బలం దాదాపు నాలుగో వంతు పెరుగుతుంది. లో వోల్టేజీ ఊళ్లకు ఇలా చుట్టిస్తారు. కానీ అర్ధరాత్రి లోడంతా తగ్గి వోల్టేజీ 240కి ఎక్కినప్పుడు ఆ మోటారుకు 267 వోల్టులు ఇచ్చినట్టే లెక్క. ఇనుము అంత అయస్కాంతాన్ని పట్టలేదు. ఖాళీగా తిరుగుతున్నా కరెంటు ఎగబాకుతుంది. అందుకే అనుభవజ్ఞులు ఇల్లెక్కడ, ట్రాన్స్‌ఫార్మర్ ఎంత దూరం, ఉతికేది ఏ వేళ అని అడిగి మరీ చుట్లు నిర్ణయిస్తారు. అంతకు మించి బలం కావాలంటే చుట్లతో పని కాదు. రేకుల దొంతర పొడుగ్గా ఉన్న వేరే మోటారే పెట్టాలి.

వీటన్నిటికన్నా ముందు చూడాల్సినవి కెపాసిటరూ బెల్టూ. సెమీ ఆటోమేటిక్ ఉతుకు మోటారుకు సుమారు 10 మైక్రోఫారడ్ల కెపాసిటర్ ఉంటుంది. ఏళ్లు గడిచేకొద్దీ దాని విలువ జారిపోతుంది, మోటారు నీరసిస్తుంది. కొత్తది వేస్తే ముసలి మెషీన్‌కు సగం వయసు తగ్గుతుంది. ఇంకా పెద్దది వేస్తే ఇంకా బలం వస్తుందని కొందరు 15, 20 వేస్తారు. మొదలయ్యే ఊపు పెరిగే మాట నిజమే. కానీ వైండింగ్ మోయాల్సినదానికన్నా ఎక్కువ కరెంటు మోస్తూ లోలోపల మాడుతుంది.

అసలు పెద్ద మోటారు పెట్టేశాక ఏమవుతుంది? ఆ బలం పుల్లీలోకి, బెల్టులోకి, షాఫ్టులోకి, బేరింగులోకి, చివరికి ప్లాస్టిక్ టబ్బులోకి వెళ్లాలి. దారిలో ఏది బలహీనమైతే అది విరుగుతుంది. ఉతుకుడు సంగతి కొంత నయం. పిండే డ్రమ్ము దగ్గర మాత్రం లెక్క భయపెడుతుంది. 48 సెంటీమీటర్ల అడ్డకొలత ఉన్న డ్రమ్ము నిమిషానికి 1,000 చుట్లు తిరుగుతోంది అనుకుందాం. తడి తువ్వాలు ఒకటి, కిలో బరువుది, ఒక పక్కనే ఉండచుట్టుకుంది. అది డ్రమ్మును పక్కకు లాగే బలం దాదాపు 270 కిలోల బరువుతో సమానం. వేగం 1,400కు పెంచితే అదే తువ్వాలు 525 కిలోల పైచిలుకు బలంతో లాగుతుంది. వేగం పెరిగింది ఒకటిన్నర రెట్ల లోపే, బలం మాత్రం దాదాపు రెట్టింపు. ఫ్రంట్ లోడ్ మెషీన్ల టబ్బుకు ఇరవై కిలోల పైచిలుకు కాంక్రీటు దిమ్మ, స్ప్రింగులు, డ్యాంపర్లు పెట్టేది ఈ లాగుడును తట్టుకోవడానికే. డ్రమ్ము వేగం పెంచమని అడిగేవాళ్లను మంచి మెకానిక్ కుదరదని చెప్పి పంపించేస్తాడు. ఆ కాదనడమూ అతని పనిలో భాగమే.

కంట్రోళ్ల సంగతి వేరు. అక్కడ నిజంగానే చేయగలిగింది చాలా ఉంది. బెల్టు ఉన్న ఫ్రంట్ లోడ్ మెషీన్లలో చాలాకాలం కార్బన్ బ్రష్‌ల యూనివర్సల్ మోటారు వాడారు. అది నిమిషానికి పదివేల చుట్లు దాటి తిరుగుతుంది. లోడు లేకుండా నేరుగా 230 వోల్టులు ఇస్తే వేగం ప్రమాదకరంగా పెరిగిపోతుంది. దాని తోకన ఉన్న చిన్న టాకో కాయిల్ వేగాన్ని చెబుతూ ఉంటే, బోర్డు మీది ట్రయాక్ అనే ఎలక్ట్రానిక్ స్విచ్చు కరెంటును కోసి కోసి అందిస్తుంది. ఈ పని కోసమే వచ్చిన టీడీఏ1085 అనే చిప్‌ను ప్రపంచమంతటా ఔత్సాహికులు ఇప్పటికీ వాడుతున్నారు. పాత మెషీన్ మోటారుతో లేత్‌లు, గ్రైండర్లు చేసుకునేవాళ్లకు అది చిరపరిచితం.

లాండ్రీ స్థాయి మెషీన్‌కు ఇంతకన్నా మేలైన దారి త్రీ ఫేజ్ మోటారూ వీఎఫ్‌డీ. వీఎఫ్‌డీ అనే ఈ చిన్న డ్రైవ్ బాక్సు ఇంట్లో వచ్చే సింగిల్ ఫేజ్ కరెంటునే త్రీ ఫేజ్‌గా మార్చి, 50 హెర్ట్జ్‌ను కావలసినట్టు తగ్గించి పెంచి ఇస్తుంది. బాక్సు నుంచి వచ్చేది 230 వోల్టులే కాబట్టి, 415 వోల్టులకు స్టార్ కనెక్షన్‌లో ఉన్న చిన్న మోటారును డెల్టా కనెక్షన్‌కు మార్చి కలపాలి. మెల్లగా మొదలవడం, మెల్లగా ఆగడం, ఆగాకే వెనక్కి తిరగడం అన్నీ బటన్ల మీద పెట్టుకోవచ్చు. బెల్టు అరుపులు ఉండవు, లైట్లు మిణుకుమనవు. ఒక్క జాగ్రత్త: సగం వేగంలో ఎక్కువసేపు తిప్పితే మోటారు వెనకున్న ఫ్యానూ సగం వేగంలోనే తిరుగుతుంది, చల్లబడదు. దానికి వేరే ఫ్యాను పెట్టాలి.

ఇలా మార్చుకోవడం ఎవరో చేసే వింత పని కాదు, వాషింగ్ మెషీన్ చరిత్రలోనే ఉంది. అమెరికాలోని అయోవాలో 1907లో వాషింగ్ మెషీన్లు మొదలుపెట్టిన మేటాగ్ కంపెనీ, కొన్నేళ్లకే కరెంటు లేని పొలాల ఇళ్ల కోసం చిన్న పెట్రోలు ఇంజను బిగించిన మెషీన్ అమ్మింది. కాలితో తొక్కి స్టార్ట్ చేసేవారు. 1930ల నడుమ దాకా ఆ దేశంలో పదిలో తొమ్మిది పొలాల ఇళ్లకు కరెంటే లేదు మరి.

న్యూజీలాండ్‌లో ఇది తిరగబడి జరిగింది. ఫిషర్ అండ్ పేకెల్ కంపెనీ 1991లో స్మార్ట్ డ్రైవ్ అనే మెషీన్ తెచ్చింది. బెల్టు లేదు, డ్రమ్ముకే మోటారు. స్టేటర్ చుట్టూ 42 కాయిళ్లు, ఫేజుకు 14. పాతబడిన ఆ మెషీన్ల మోటార్లను జనం గాలిమరలకు, వాగు నీటి టర్బైన్లకు జనరేటర్లుగా బిగించుకున్నారు. వరసగా ఉన్న 14 కాయిళ్లను కోసి, గుంపులుగా పక్కపక్కన కలిపితే వోల్టేజీ తగ్గి బ్యాటరీకి సరిపోతుంది, కరెంటు పెరుగుతుంది. మైకేల్ లాలీ అనే ఇంజనీరు ఈ పాత మోటార్లతోనే పవర్‌స్పౌట్ టర్బైన్లు తయారుచేసి వ్యాపారంగా నిలబెట్టాడు. అక్కడి ఇంజనీరుకూ మన టౌను వైండింగ్ మేస్త్రీకీ పనిలో తేడా లేదు. ఏ కాయిల్ కొసను ఏ కొసకు కలపాలో తెలియడమే ఇద్దరి పెట్టుబడీ.

మన దేశంలో పంజాబ్ దాబాలు టాప్ లోడ్ మెషీన్‌లో లస్సీ చిలికిన సంగతి ప్రసిద్ధం. ముచ్చటైన ఆలోచనే. అయితే బట్టల కోసం చేసిన ప్లాస్టిక్, లోపలి గ్రీజు తినే వస్తువుకు తగినవి కావు. ఆ పనికి స్టీలు గిన్నె, చిలికే మెషీన్ వేరే ఉండాలి.

తెలంగాణలో 2021 ఏప్రిల్ 1 నుంచి లాండ్రీలకు, దోబీ ఘాట్లకు నెలకు 250 యూనిట్ల ఉచిత విద్యుత్తు పథకం వచ్చింది. చాకిరేవు బండ మీద నడుము వంచి ఉతికిన కుటుంబాలకు కరెంటు మెషీన్ అందుబాటులోకి వచ్చే దారి ఇది. కానీ పెద్ద వాణిజ్య మెషీన్ ధర చిన్న లాండ్రీ మోయలేదు. ఇంటి మెషీన్ రోజుకు ఎనిమిది గంటలు తట్టుకోదు. ఆ రెండిటి మధ్య ఉన్న ఖాళీని నింపగలిగింది రాగి వైండింగ్, మంచి బేరింగులు, చిన్న వీఎఫ్‌డీతో స్థానిక మేస్త్రీ తయారుచేసి ఇచ్చే మెషీనే. దీన్ని జుగాడ్ అని చిన్నచూపు చూడడం అన్యాయం. లెక్క తెలిసి చేసిన పని ఇంజనీరింగే.

ఈ విద్యకు ఇప్పుడు అడ్డుపడుతున్నవి అతికించేసిన టబ్బులు. బేరింగు పోతే టబ్బు మొత్తం మార్చమంటున్నారు. బోర్డుల మీద జిగురు పోసి విప్పకుండా చేస్తున్నారు. ఐరోపా సమాఖ్య 2021 మార్చి నుంచి వాషింగ్ మెషీన్ ముఖ్య విడిభాగాలు పదేళ్ల పాటు దొరకాలని నిబంధన పెట్టింది. మన కేంద్ర ప్రభుత్వం 2022 డిసెంబరు 24న రైట్ టు రిపేర్ పోర్టల్ తెరిచింది. పోర్టల్ మంచి మొదలే, అయితే టబ్బు విప్పదగ్గట్టు ఉండాలనే నియమం కూడా కావాలి.

మెషీన్‌ను మార్పించుకునే పాఠకులకు కొన్ని మాటలు. ఎర్త్ వైరు సరిగా ఉందో లేదో ముందు చూపించండి, కరెంటు లీకైతే సరఫరా ఆపేసే 30 మిల్లీఆంప్స్ ఆర్‌సీసీబీ స్విచ్చు పెట్టించండి. మూత తెరిస్తే డ్రమ్మును ఆపే బ్రేకును ఎవరు చెప్పినా తీయించకండి. కెపాసిటర్‌ను డిశ్చార్జ్ చేయకుండా ముట్టుకోకండి. పని ముగిశాక, చుట్లు ఎన్ని, గేజీ ఎంత, కెపాసిటర్ విలువ ఎంత, ఏ తేదీన చుట్టిందీ మేస్త్రీ చేతనే మెషీన్ వెనక రేకు లోపలివైపు మార్కర్‌తో రాయించండి. మళ్లీ విప్పేవాళ్లకు అది చాలు.