యాత్రాశబ్దార్థము - వీరాస్వామయ్యగారి కాశీయాత్ర చరిత్ర

"యాత్ర" యను శబ్దమునకు గమనమను నర్థమే లోకమున బ్రసిద్ధము. అమరసింహుడు నానార్థవర్గమున గమనముతోబాటు యాపనమను నర్థమునుగూడ జెప్పియున్నాడు. యాపనమనగా కాలము గడపుట, జీవనము సాగించుట. ప్రాణయాత్ర, శరీరయాత్ర, లోకయాత్ర యను సమాసములందు గోచరించునది యీ రెండవ యర్థమే. "యా" ధాతువుమీద నౌణాదికమగు త్రన్ ప్రత్యయము చేరి సిద్ధించిన యీ యొక్క పదమున నడకయు బ్రదుకును గలిసియున్నవి. ఈ రెండర్థములు నొక పురుషునియందు గలిసినప్పు డెట్టి గ్రంథము పుట్టునో తెలియుటకు ఏనుగుల వీరాస్వామయ్యగారి కాశీయాత్ర చరిత్ర చక్కని లక్ష్యము.

వీరాస్వామయ్యగారు చెన్నపట్టణపు సుప్రీముకోర్టులో ద్విభాషిగా నుండిరి. సుమారు ఏబదియేండ్ల వయసున, 1830 మే 18వ తేదిని బయలుదేరి, తిరుపతి, కడప, అహోబిలము, శ్రీశైలము, హైదరాబాదు, నాగపురముల మీదుగా బ్రయాగకును గాశికిని బోయి, గయను, కలకత్తాను, జగన్నాథమును జూచి, తూర్పుతీరము వెంబడి 1831 సెప్టెంబరు 3వ తేదికి ఇల్లు చేరిరి. ఈ దేశమున రైలు లేని కాలమది. వెంట సుమారు నూరుగురు పరివారము. దారిలో దాము వ్రాసినదానిని మిత్రులగు కోమలేశ్వరపురము శ్రీనివాసపిళ్లగారికి బంపుచుండిరి. 1836లో వీరాస్వామయ్యగారు కీర్తిశేషులు కాగా, 1838లో పిళ్లగారు దానిని అచ్చొత్తించిరి. 1941లో దిగవల్లి వేంకటశివరావుగారు మరల బ్రకటించి లోకమునకు మహోపకార మొనర్చిరి.

పదునైదున్నర మాసముల ప్రయాణము జీవితము నంతటిని దీర్చిదిద్దినదనుట యతిశయోక్తి కాదా యని కొందరడుగవచ్చును. కార్యకారణములను దారుమారు చేయుటచే గలిగిన శంక యిది. ప్రయాణము పదునైదున్నర మాసములదే. దానికి దగిన దృష్టి అంతకుముందే సిద్ధమైయున్నది. ద్విభాషి యొకని మాటను విని, హెచ్చుతగ్గులు లేక మరియొకనికి దెలుపవలెను. ఆ యభ్యాసమే గ్రంథమున బ్రతి మజిలీయందును గానవచ్చును. ఊరిలో నంగళ్లున్నవా, నీరు మంచిదా, బాట యెట్టిది, ఏరు దాటుట యెట్లు, అచటి జనుల యాచారము లెట్టివి - ఇవియే వారి ప్రశ్నలు. కేవలతీర్థవాసి తన పుణ్యమును లెక్కించుకొనును. వీరు తమ వెనుక రాబోవువాని యవసరములను లెక్కించిరి. కాబట్టి యాత్రాభిరుచి కాళ్ల చాపల్యము కాదు, చిత్తమునకు గలుగు సంస్కారము.

భాషనుబట్టి యీ గ్రంథమును బండితులు కొందరు చిన్నచూపు చూచుట కద్దు. ఇందు వ్యావహారికరూపములును, అన్యదేశ్యములును మెండుగా నున్నమాట నిజము. బాలురు సంధిని, విభక్తిని నేర్చుకొనుట కిది తగినది కాదని వ్యాకరణము చదివిన నేనును ఒప్పుకొందును. అయినను, లక్ష్యము ముందు, లక్షణము వెనుక యన్నది మన శాస్త్రమర్యాదయే. కచేరిలో, సంతలో, రేవులో జనులాడిన మాటను విడిచి వ్రాసినచో నాయా వస్తువులే గ్రంథమునుండి జారిపోయెడివి. అపశబ్దభయముచే నింతటి సత్యమును విద్యార్థులకు దూరము చేయుట న్యాయము కాదు.

గుణములతోబాటు దోషములను జెప్పకున్న విమర్శము స్తోత్రమగును. మజిలీల వర్ణన యొకే యచ్చున బోసినట్లు పలుమారు వచ్చి చదువరిని అలయించును. అంతకంటె ముఖ్యమైన దొకటి కలదు. ఇది పల్లకిలో గూర్చుండినవారి చూపు. పల్లకి మోసిన బోయీలును అన్ని యామడలు నడచిరి గాని, వారు వ్రాసికొన్న చరిత్ర మనకు లేదు. గమనము వారిది, గ్రంథము వీరిది. యాత్రారుచిని గొనియాడువా రీ భేదమును మరువరాదు.

మా బోయిన్‌పల్లి మీదుగా మేడ్చలువైపు సాగు బాట నేటికిని నాగపురమునకే పోవును. వీరాస్వామయ్యగా రడుగుపెట్టిన త్రోవ సరిగా నిదియే యని సాధింప బనిలేదు, దిక్కొక్కటియే చాలును. ఆ బాటపై లారీలలో మార్కెట్టునకు దిగు కూరగాయ లేయూరివి, వానిని దెచ్చినవా రెవరు, వారి పలుకుబడి యెట్టిది యని యడిగి వ్రాయుడని పంతుళ్లు తమ శిష్యులను బురికొల్పవలెను. దూరము పోవుటకు ధనము కావలెను, సెలవు కావలెను. అడుగుటకు నవి యక్కరలేదు. యాత్రాశబ్దమునకు యాపనార్థ మెట్లు కలిగెనో యట్టి బాలుడు కోశము తెరువకయే గ్రహించును.